గ్రీన్ కార్డు దేశ పరిమితిని అధ్యక్షుడు ఎందుకు ఎత్తేయలేరు?

రాజమండ్రి_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో ఉంటారు. అల్లుడి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు, ఆమోదం పొంది చాలా కాలమైంది. వరుసలో ఆయన చోటు చెప్పే ప్రయారిటీ డేట్ 2014 చివరిది. ఏ తేదీ వారికి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా రాగానే వాళ్లకంటే ముందు నేనే చూస్తాను. పెద్ద మనవడు ఇక్కడే, రాజమండ్రిలోనే పుట్టాడు. వాడికి ఇరవయ్యొకటి నిండేలోపు కార్డు రాక, తండ్రి దరఖాస్తులో వాడి చోటు పోతే ఎలాగన్నది నా దిగులు.

2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేసి, కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్నారు. రెండు రోజుల్లో అది అమల్లోకి వచ్చింది. అంత పని ఒక్క సంతకంతో చేయగలిగిన అధ్యక్షుడు, ఏ దేశానికీ ఏడు శాతం మించి గ్రీన్ కార్డులు దక్కకూడదన్న పరిమితిని ఇంకో సంతకంతో ఎందుకు తీసేయలేరు? ఈయనే కాదు, ఒబామా తీయలేదు, బైడెన్ తీయలేదు. మనసు లేకనా, అధికారం లేకనా? ప్రతి ఎన్నికకూ "ఈసారి వచ్చే ఆయన తీసేస్తారు" అని బంధువులు చెబుతూనే ఉన్నారు. తెలిసినవారు వివరంగా చెప్పండి.

ట్రినిటీ_తీరం

బాబాయి గారూ, నమస్తే. నేను డల్లాస్‌లో ఉంటాను. ఇదే వరుసలో ఉన్నాను, ఈ బిల్లుల వెంట చాలా తిరిగాను. మనసు ఉన్నా తీయలేరు. అధికారం లేదు.

ఏడు శాతం అన్నది ఏ శాఖ అధికారో పెట్టిన నిబంధన కాదు. వలస, జాతీయతా చట్టం 202వ సెక్షన్‌లో రాసి ఉంది. దాన్ని ఇప్పటి రూపంలో 1990లో కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ అనే రెండు సభలున్న అక్కడి పార్లమెంటు) ఆమోదించగా, అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ ఆ ఏడాది నవంబరు 29న సంతకం చేశారు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే కార్డులు ఏడాదికి 1,40,000 అన్నదీ ఆ చట్టమే. అందులో ఉన్నత చదువున్న ఉద్యోగుల ఇబి-2 తరగతి వాటా 28.6 శాతం, అంటే సుమారు 40,000. దానిలో ఏడు శాతం తీస్తే 2,800 చిల్లర. ఉద్యోగి, జీవిత భాగస్వామి, అమెరికా బయట పుట్టిన పిల్లలు అందరూ ఆ 2,800లోనే సర్దుకోవాలి. మిగతా దేశాలవారు వాడుకోకుండా వదిలినవి ఉంటే మనకు కొన్ని అదనంగా వస్తాయి, అంతే. 2025 చివరికి కూడా భారత్ ఇబి-2 తేదీ 2013 దగ్గరే తచ్చాడుతోందంటే కారణం ఈ లెక్కే.

మరి లక్ష డాలర్ల ప్రకటన ఎలా సాధ్యమైందంటారా? ఆ చట్టంలోనే 212వ సెక్షన్ కింద, విదేశీయుల రాక దేశ ప్రయోజనాలకు హాని అని అధ్యక్షుడు భావిస్తే ఆ రాకను ఆపవచ్చు, షరతులు పెట్టవచ్చు అని ఒక వాక్యం ఉంది. దాన్ని 1952లో రాసిందీ కాంగ్రెసే. 2018లో, కొన్ని దేశాలవారి రాక మీద ట్రంప్ పెట్టిన ప్రయాణ నిషేధం కేసులో సుప్రీంకోర్టు 5-4తో ఆ వాక్యానికి చాలా విశాలమైన అర్థం ఇచ్చింది. దాని కింద ఇంత రుసుము వసూలు చేయవచ్చా అన్న దాని మీద వ్యాజ్యాలు పడ్డాయి, అది వేరే సంగతి. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: రాకను ఆపే అధికారం అధ్యక్షుడి చేతిలో పెట్టిన కాంగ్రెస్, కార్డుల సంఖ్యను పెంచే అధికారాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

ఎడిసన్_అన్న

పై టపాతో సగమే ఏకీభవిస్తాను. "చట్టం ఉంది, మా చేతులు కట్టేశారు" అని ప్రతి ప్రభుత్వమూ తప్పించుకుంటోంది. చేతనైనంత కూడా చేయలేదన్నది నా బాధ.

ఒకటి, కుటుంబ సభ్యుల లెక్క. భార్యాపిల్లలకు అదే హోదా, అదే వరుస వర్తిస్తుందని 203వ సెక్షన్ చెబుతుంది. కానీ వాళ్లను కూడా 1,40,000లో కలిపి లెక్కించాలని అక్కడ నేరుగా రాసి లేదని కొందరు వలస న్యాయవాదులు ఎప్పటినుంచో వాదిస్తున్నారు. ఉద్యోగిని మాత్రమే లెక్కిస్తే వరుస ఎంత వేగంగా కదులుతుందో ఆలోచించండి. ఒబామా కాలంలో ఈ వాదన గట్టిగా వినిపించింది. చేయలేదు.

రెండు, 2021. కోవిడ్ వల్ల అంతకుముందు ఏడాది కుటుంబ వీసాలు మిగిలిపోయి, అవి చట్టం ప్రకారం ఉద్యోగ కోటాలోకి వచ్చాయి. ఆ ఏడాది కోటా 2,62,000కు చేరింది. సెప్టెంబరు 30 దాటేసరికి అందులో అరవై వేలకు పైగా కార్డులు ఎవరికీ అందకుండా పోయాయి. కాంగ్రెస్ ఇచ్చిన కార్డులను కార్యనిర్వాహక శాఖ సకాలంలో పంచలేకపోయింది. మా వీధిలోనే ఆ ఏడాది కార్డు వస్తుందని వైద్య పరీక్షలు చేయించుకుని కూర్చున్న కుటుంబాలు ఉన్నాయి. దీనికి 202వ సెక్షన్‌ను తప్పుపట్టలేం.

గుంటూరు_వకీలు

ఎడిసన్_అన్న గారూ, మీ రెండో మాట నిజం. మొదటిదానికి మాత్రం కోర్టు జవాబు చెప్పేసింది. ఇబి-5 పెట్టుబడిదారుల తరగతిలో కుటుంబ సభ్యులను కోటాలో లెక్కించకూడదంటూ వేసిన కేసులో 2021లో వాషింగ్టన్ డి.సి. అప్పీలు కోర్టు, లెక్కించాల్సిందేనని తేల్చింది. చట్టం నిర్మాణమే అలా ఉందన్నది. 203వ సెక్షన్‌లోని ఆ వాక్యం అన్ని ఉద్యోగ తరగతులకూ ఒకటే కాబట్టి, రేపు ఏ అధ్యక్షుడైనా మీరు చెప్పినట్టు లెక్క మారిస్తే మర్నాడే ఆ తీర్పును పట్టుకుని ఎవరో ఒకరు కోర్టుకు వెళతారు.

పైగా 2024 జూన్‌లో సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ తీర్పు వచ్చాక పరిస్థితి మారింది. అంతకుముందు, 1984 నాటి షెవ్రాన్ తీర్పు ప్రకారం, చట్టంలో అస్పష్టత ఉంటే సంబంధిత శాఖ చెప్పిన సహేతుకమైన అర్థాన్ని కోర్టులు అంగీకరించేవి. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. అర్థం చెప్పే పని తమదేనని న్యాయమూర్తులు తిరిగి తీసుకున్నారు. శాఖల చేతిలో ఉన్న వెసులుబాటు దాంతో బాగా తగ్గింది.

ఇంకో మాట. పాత ఏళ్లలో వృథా అయిన కార్డులను వెనక్కి తెచ్చుకోవడానికి 2000లోనూ 2005లోనూ కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది. అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ పని జరగలేదు.

కొత్తపలుకు

నేను హైదరాబాద్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఒక సందేహం. అధ్యక్షుడి పార్టీకే రెండు సభల్లోనూ ఆధిక్యం ఉన్నప్పుడు చట్టం మార్చడం కష్టమెందుకు? మన దగ్గర ప్రభుత్వం తలచుకుంటే బిల్లు పాసవుతుంది కదా.

పౌరశాస్త్రం

కొత్తపలుకు బాబూ, నేను వరంగల్‌లో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న దగ్గరే మన పిల్లలు తడబడతారు. మన పార్లమెంటును మనసులో పెట్టుకుని అమెరికాను చూస్తే ఏదీ సరిగా అర్థం కాదు.

మన ప్రధానికి లోక్‌సభ మెజారిటీ ఊపిరి. అది పోతే పదవి పోతుంది. అందుకే సభ్యులు విప్‌కు కట్టుబడతారు, మంత్రులే బిల్లులు తెస్తారు. అమెరికా అధ్యక్షుడిని ప్రజలు విడిగా, నాలుగేళ్లకు ఎన్నుకుంటారు. ప్రతినిధుల సభ అవిశ్వాసం పెట్టి ఆయన్ను దించలేదు. ఆయన సభను రద్దు చేయలేరు. సభలో బిల్లు ప్రవేశపెట్టే హక్కు కూడా ఆయనకు లేదు, ఎవరో ఒక సభ్యుడు పెట్టాలి. కాంగ్రెస్ సభ్యుడు అదే సమయంలో మంత్రిగా ఉండకూడదని రాజ్యాంగం మొదటి అధికరణం నిషేధించింది. మార్కో రూబియో 2025 జనవరిలో విదేశాంగ మంత్రి అయినప్పుడు ఫ్లోరిడా సెనేటర్ పదవికి రాజీనామా చేయడం చూశాం కదా. మన దగ్గరైతే మంత్రి కావాలంటే ఆరు నెలల్లోపు సభ్యుడు కావాలి. రెండు వ్యవస్థలూ పూర్తిగా ఎదురెదురు దిక్కులు.

అభిశంసన ఉందిగా అంటారేమో. ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభియోగం మోపాలి, సెనేట్ మూడింట రెండు వంతులతో దోషి అని తేల్చాలి. ఆండ్రూ జాన్సన్, క్లింటన్, ట్రంప్ (రెండుసార్లు) అభిశంసన ఎదుర్కొన్నారు. ఒక్కరి పదవీ పోలేదు.

ఇక సభలు. ప్రతినిధుల సభలో 435 మంది, రెండేళ్ల పదవి, జనాభా లెక్కన. సెనేట్‌లో వంద మంది, ఆరేళ్ల పదవి, రాష్ట్రానికి ఇద్దరు. దాదాపు నాలుగు కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. మన రాజ్యసభలో రాష్ట్రాల బలం జనాభాను బట్టి మారుతుంది. అక్కడ మారదు. రెండేళ్లకోసారి ప్రతినిధుల సభ మొత్తం, సెనేట్‌లో మూడో వంతు ఎన్నికలకు వెళతాయి. ఒకే ఊపులో ఎవరూ మొత్తం ప్రభుత్వాన్ని చేజిక్కించుకోకుండా 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్నవారు చేసిన ఏర్పాటు ఇది.

దీనిపైన సెనేట్ తనంతట తాను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. చర్చను ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే అరవై మంది ఒప్పుకోవాలి. రాజ్యాంగంలో ఈ అరవై లేదు. 1917లో చర్చను ముగించే పద్ధతి వచ్చింది, 1975లో అది అరవై దగ్గర స్థిరపడింది. 2025లో రిపబ్లికన్లకు సెనేట్‌లో 53 స్థానాలున్నాయి. ఆధిక్యం ఉంది, అయినా మామూలు చట్టానికి అది చాలదు.

కొత్తపలుకు

ధన్యవాదాలు మాస్టారూ. అయితే ఏడు శాతం బిల్లు ఎప్పుడైనా ఓటింగ్ దాకా వచ్చిందా?

ట్రినిటీ_తీరం

వచ్చింది తమ్ముడూ. పాసైంది కూడా, ఒకటి కంటే ఎక్కువసార్లు. ఈ కథ పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే అమెరికా కాంగ్రెస్ ఎలా పనిచేస్తుందో ఏ పాఠ్యపుస్తకం కంటే ఇది బాగా నేర్పుతుంది.

2011 నవంబరు 29. ఉద్యోగ గ్రీన్ కార్డులకు దేశ పరిమితి తీసేసే బిల్లును ప్రతినిధుల సభ 389-15తో ఆమోదించింది. ఈ రోజుల్లో ఊహించలేని అంకె అది. సెనేట్‌కు వెళ్లాక అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ అడ్డుపడ్డారు. సెనేట్‌లో ఒక్క సభ్యుడు అభ్యంతరం చెబితే బిల్లు ఆగిపోవడం మామూలే, ఎందుకంటే అక్కడ రోజువారీ పనంతా ఏకగ్రీవ సమ్మతి మీద నడుస్తుంది. ఆ సమ్మతి లేకపోతే రోజుల తరబడి సభా సమయం ఖర్చుపెట్టాలి. మన బిల్లు కోసం ఆ సమయం ఎవరు ఇస్తారు?

2013 జూన్ 27. ఈసారి తలకిందులు. ఎనిమిది మంది సెనేటర్లు రెండు పార్టీల నుంచి కలిసి రాసిన సమగ్ర వలస బిల్లును సెనేట్ 68-32తో ఆమోదించింది. అందులో ఉద్యోగ కార్డుల దేశ పరిమితి రద్దు కూడా ఉంది. ఒబామా సంతకం చేయడానికి సిద్ధం. ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్ దాన్ని ఓటింగ్‌కే తేలేదు. ఏ బిల్లు సభ ముందుకు రావాలో నిర్ణయించేది స్పీకర్ పార్టీయే. ఓడించాల్సిన పని కూడా లేదు, పక్కన పెడితే చాలు.

2019 జూలై 10. జో లాఫ్‌గ్రెన్ తెచ్చిన బిల్లు ప్రతినిధుల సభలో 365-65తో పాసైంది. సెనేట్‌లో దానికి జోడీగా యూటా సెనేటర్ మైక్ లీ, అప్పుడు కాలిఫోర్నియా సెనేటర్‌గా ఉన్న కమలా హ్యారిస్ కలిసి మరో బిల్లు పెట్టారు. విదేశీ నర్సులకు కార్డులు దక్కవేమోనని కెంటకీ సెనేటర్ ర్యాండ్ పాల్ అడ్డు చెప్పారు, మార్పులు చేశాక తగ్గారు. ఆ తర్వాత ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్, మొత్తం సంఖ్య పెంచకుండా వరుస మాత్రమే మారిస్తే మిగతా దేశాలవారు వెనక్కి పోతారని ఆపారు. మనకు చేదుగా అనిపించినా ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఒక్కొక్కరితో బేరాలు సాగి చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్‌లో ఏకగ్రీవంగా పాసైంది. ఆ రాత్రి మా వాట్సాప్ బృందాల్లో ఎవరూ నిద్రపోలేదు.

కానీ సెనేట్ ఆమోదించిన పాఠం, ప్రతినిధుల సభ ఆమోదించిన పాఠం ఒకటి కావు. సెనేట్ మార్పుల్లో కొన్నింటికి ప్రతినిధుల సభలో ఒప్పుకోలేదు. అక్షరం తేడా లేకుండా ఒకే పాఠాన్ని రెండు సభలూ ఆమోదిస్తేనే అది అధ్యక్షుడి బల్ల మీదికి వెళుతుంది. ఒక నెలలో తేల్చాలి, తేలలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. గడువుతోపాటు బిల్లూ చచ్చిపోయింది. కొత్త కాంగ్రెస్‌లో మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలు.

2022 డిసెంబరులో ఇంకో రూపంలో ప్రతినిధుల సభలో ఓటింగ్‌కు పెట్టబోయి, మద్దతు చాలదని చివరి క్షణంలో వెనక్కి తీసుకున్నారు.

బాబాయి గారూ, మనసున్న అధ్యక్షుడు ఉన్నప్పుడు ఒక సభ లేదు, రెండు సభలూ ఒప్పుకున్నప్పుడు పాఠం కలవలేదు. ఎవరో ఒక్కరు ద్రోహం చేశారని అనుకుంటే కోపం తీరుతుందేమో గానీ, జరిగింది అది కాదు.

ఎడిసన్_అన్న

ఇదంతా చదివాక నాకు కలిగేది గౌరవం కాదు, ఆవేదన. 389 మంది ఒప్పుకున్నదాన్ని ఒక్క సెనేటర్ ఆపగలిగితే దాన్ని అధికార విభజన అని పొగడాలా? లక్షల కుటుంబాలు ఒక అంకె కింద నలుగుతున్నాయి. సొంత ఊళ్లో తండ్రి పోయినా, తిరిగి వచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ దొరుకుతుందో లేదోనని విమానం ఎక్కని వాళ్లు నాకు తెలుసు.

పౌరశాస్త్రం

మీ ఆవేదనను కాదనను. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. ఆ అరవై నియమం, ఆ ఒక్కరి అభ్యంతరం రాజ్యాంగం రాసినవారి ఆలోచన కాదు, సెనేట్ అలవాటు. దాన్ని విమర్శించండి, నేనూ మీతో ఉంటాను. రెండు సభలు, అధ్యక్షుడు, కోర్టు అన్న మూలాన్ని మాత్రం తోసిపారేయవద్దు. రేపు ఒక్క సంతకంతో ఏడు శాతం తీసేయగల అధ్యక్షుడు ఉంటే, ఎల్లుండి వచ్చే ఆయన ఒక్క సంతకంతో దాన్ని సున్నా చేయగలరు.

వానల_ఊరు

మాస్టారి చివరి మాట నా జీవితంలో జరిగింది కాబట్టి రాస్తున్నాను. మేం సియాటిల్‌లో ఉంటాం, ఇద్దరం హెచ్-1బి మీద ఉన్నాం. 2025 జనవరి 20న జన్మతః పౌరసత్వం మీద ఉత్తర్వు వచ్చిన రోజున మా ఇంట్లో బిడ్డ కోసం ఎదురుచూస్తున్నాం. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారుడో కాకపోతే, నెల తర్వాత పుట్టే బిడ్డలను పౌరులుగా గుర్తించవద్దని ఆ ఉత్తర్వు. మా బిడ్డ పుట్టాల్సింది ఆ గడువు దాటాకే.

వాషింగ్టన్, అరిజోనా, ఇల్లినాయ్, ఒరెగాన్ రాష్ట్రాలు మా ఊరి ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. జనవరి 23న, అంటే సంతకం పడిన మూడో రోజున, జడ్జి జాన్ కఫెనౌర్ ఆ ఉత్తర్వును నిలిపివేశారు. ఆయన్ను 1981లో నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్. జీవితకాల పదవి కాబట్టి నియమించిన పార్టీకి ఆయన ఏమీ బాకీ లేరు. అమెరికాలో పుట్టినవారు పౌరులన్న పద్నాలుగో సవరణ 1868 నుంచి రాజ్యాంగంలో ఉంది, దాని అర్థాన్ని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో, ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా నిలుపుదల ఉత్తర్వు ఇవ్వకూడదని, కేసు వేసినవారికి అవసరమైనంత మేరకే ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్నది అప్పుడు తేల్చలేదు. దాంతో లాయర్లు దారి మార్చారు. అలాంటి బిడ్డలందరినీ ఒక వర్గంగా చూపి వ్యాజ్యం వేస్తే, జూలై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి ఆ వర్గమంతటికీ రక్షణ ఇచ్చారు. ఆ వ్యవహారం తిరిగి సుప్రీంకోర్టుకు చేరింది. మా పాపకు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు వచ్చాయి. ఆ మూడు రోజులు ఎలా గడిచాయో మాకే తెలుసు, అందుకే కోర్టుల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది.

రాజమండ్రి_నాన్న

పాపకు నా ఆశీస్సులమ్మా. చదువుతుంటే ఇంకో ఆలోచన వచ్చింది. కోర్టులకు అంత శక్తి ఉంటే, ఈ ఏడు శాతం అన్యాయమని మనవాళ్లే సుప్రీంకోర్టులో కేసు వేయకూడదా? పుట్టిన దేశాన్ని బట్టి వరుసలో నిలబెట్టడం వివక్ష కాదా?

గుంటూరు_వకీలు

సహజమైన ప్రశ్న అండీ. రెండు అడ్డంకులున్నాయి.

ఒకటి, అమెరికా కోర్టులో మన ప్రజాప్రయోజన వ్యాజ్యం లాంటిది లేదు. మన దగ్గర పోస్టుకార్డు రాసినా రిట్‌గా తీసుకున్న సందర్భాలున్నాయి. అక్కడ కేసు వేసిన వ్యక్తికి స్వయంగా, నిర్దిష్టంగా నష్టం జరిగి ఉండాలి, కోర్టు తీర్పుతో అది తీరేలా ఉండాలి. సలహా ఇవ్వమని అధ్యక్షుడు అడిగినా సుప్రీంకోర్టు ఇవ్వదు. 1793లో జార్జి వాషింగ్టన్ ప్రభుత్వం అడిగితేనే కుదరదన్నారు. మన రాష్ట్రపతికి 143వ అధికరణం కింద ఆ వీలు ఉంది.

రెండోది అసలైనది. దేశంలోకి ఎవరిని రానివ్వాలి, ఎవరికి పౌరసత్వం ఇవ్వాలి అన్న విషయంలో కాంగ్రెస్ అధికారం దాదాపు సంపూర్ణమని అక్కడి కోర్టులు పందొమ్మిదో శతాబ్దం నుంచి చెబుతూ వచ్చాయి. దీనికి భారతీయుడి కేసే ఉదాహరణ. పంజాబ్‌లో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వం కోరారు. పౌరసత్వం శ్వేతజాతీయులకూ ఆఫ్రికన్ సంతతివారికీ మాత్రమే అని అప్పటి చట్టం. 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైన భారతీయుల్లో పలువురి పౌరసత్వాన్ని రద్దు చేయించారు కూడా. ఆ తలుపును తెరిచింది కోర్టు కాదు. 1946లో కాంగ్రెస్ లూస్-సెల్లర్ చట్టం చేసి, భారతీయులకు పౌరసత్వ హక్కుతోపాటు ఏడాదికి వంద మందికి వలస అవకాశం ఇచ్చింది. ట్రూమన్ సంతకం చేశారు. పదేళ్లకు, 1956లో, దలీప్ సింగ్ సౌంద్ అదే కాంగ్రెస్‌కు కాలిఫోర్నియా నుంచి ఎన్నికయ్యారు.

అలాగని కోర్టు కాంగ్రెస్‌ను ఎన్నడూ కట్టడి చేయదనుకోకండి. నాకు ఎంతో ఇష్టమైన కేసు ఒకటుంది. కెన్యాలో భారతీయ తల్లిదండ్రులకు పుట్టిన జగదీశ్ రాయ్ చద్దా ఒహాయోకు చదువుకోవడానికి వచ్చారు. 1972లో వీసా గడువు ముగిసింది. ఆయన పరిస్థితి చూసి వలస న్యాయాధికారి దేశ బహిష్కారాన్ని నిలిపివేశారు. అలాంటి నిర్ణయాన్ని ఒక్క సభ తీర్మానంతో కొట్టేయవచ్చని అప్పటి చట్టంలో ఉంది. 1975 డిసెంబరులో 340 పేర్ల జాబితా నుంచి ఆరు పేర్లు తీసి, వీరిని పంపించేయాలని ప్రతినిధుల సభ తీర్మానించింది. చర్చ లేదు, నమోదైన ఓటింగ్ లేదు. ఆ ఆరుగురిలో చద్దా ఒకరు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1983లో 7-2తో ఆయన గెలిచారు. కాంగ్రెస్ ఒకరి హక్కును మార్చాలంటే రెండు సభలూ ఆమోదించాలి, అధ్యక్షుడి ముందు పెట్టాలి, అడ్డదారి లేదు అని కోర్టు చెప్పింది. అలాంటి ఏకసభ వీటోలు రాసుకున్న చట్టాలు అప్పటికి డజన్ల కొద్దీ ఉన్నాయి. ఒక్క విద్యార్థి కేసుతో అవన్నీ చెల్లకుండా పోయాయి.

మీ బిల్లుకు 2020లో అడ్డుపడిన "రెండు సభలూ ఒకే పాఠం" అన్న సూత్రమే చద్దాను కాపాడింది. ఎడిసన్_అన్న గారు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా కోరిక.

ఎడిసన్_అన్న

తీసుకుంటాను వకీలు గారూ. అయినా ఆ సూత్రం ఒకరికి రక్షణ, ఇంకొకరికి ఏళ్ల తరబడి నిరీక్షణ అయినప్పుడు, నిరీక్షించేవాడి మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెబుతూనే ఉంటాను.

కొత్తపలుకు

వీటో గురించి ఎవరూ రాయలేదు. అధ్యక్షుడు బిల్లును తిప్పి పంపితే ఇక అంతేనా?

పౌరశాస్త్రం

అంతే కాదు. ఆదివారాలు వదిలేసి పది రోజుల్లో ఆయన సంతకం చేయాలి లేదా అభ్యంతరాలు రాసి తిప్పి పంపాలి. ఏదీ చేయకపోతే, కాంగ్రెస్ సమావేశాల్లో ఉంటే అది చట్టమైపోతుంది. తిప్పి పంపితే రెండు సభలూ మూడింట రెండు వంతులతో మళ్లీ ఆమోదించి చట్టం చేయవచ్చు. 2020 చివర్లో ట్రంప్ రక్షణ బిల్లును వీటో చేస్తే ప్రతినిధుల సభ 322-87తో, 2021 జనవరి 1న సెనేట్ 81-13తో దాన్ని దాటాయి. ఇలా జరగడం అరుదు.

రాజమండ్రి_నాన్న

2025 అక్టోబరులో ప్రభుత్వం మూతపడినప్పుడు మా అల్లుడి స్నేహితుడి లేబర్ సర్టిఫికేషన్ (గ్రీన్ కార్డు దారిలో కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) కదలలేదట. వలస కార్యాలయం మాత్రం తెరిచే ఉందన్నారు. ఇదెలా?

ట్రినిటీ_తీరం

డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న దాన్ని బట్టి. కాంగ్రెస్ చట్టం చేసి కేటాయించనిదే ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా తీయకూడదని రాజ్యాంగం మొదటి అధికరణం చెబుతుంది. కార్మిక శాఖ నడిచేది ఆ కేటాయింపుల మీద. అక్టోబరు 1కి నిధుల బిల్లు పాస్ కాలేదు, సెనేట్‌లో అరవై ఓట్లు దొరకలేదు, అక్కడి పని ఆగింది. వలస సేవల విభాగం ఎక్కువగా మనం కట్టే దరఖాస్తు రుసుముల మీద నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది. నవంబరు 12 దాకా, 43 రోజులు సాగిన ఆ షట్‌డౌన్ అమెరికా చరిత్రలో అప్పటికి అన్నిటికంటే పొడవైనది. అధ్యక్షుడు బడ్జెట్ ప్రతిపాదించగలరు, డబ్బు మంజూరు చేసేది మాత్రం కాంగ్రెస్.

మీ మనవడి సంగతి మొదట్లోనే రాశారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఇరవయ్యొకటి దాటిన పిల్లల వయసు లెక్కకు 2002లో కాంగ్రెస్ చేసిన చట్టం ఉంది. దరఖాస్తు పరిశీలనలో పోయిన కాలాన్ని వయసులోంచి తగ్గిస్తారు. వీసా అందుబాటులోకి వచ్చిందని ఏ తేదీ చూసి చెప్పాలన్నది మాత్రం శాఖ నిర్ణయం. బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి కదా. 2023 ఫిబ్రవరిలో ముందుగా కదిలే దరఖాస్తు తేదీల పట్టికను వాడతామన్నారు, పిల్లలకు మేలు జరిగింది. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చే దరఖాస్తులకు మళ్లీ తుది తేదీల పట్టికే అన్నారు. చట్టంలో అక్షరం మారలేదు, ప్రభుత్వం మారింది. అందుకే విధానాన్ని నమ్ముకుని ప్రణాళిక వేసుకోవద్దని అమ్మాయికి చెప్పండి. మనవడి పుట్టిన తేదీ, ఐ-140 వేసిన తేదీ, ఆమోద తేదీ మూడూ పట్టుకుని వలస న్యాయవాదిని ఇప్పుడే కలవమనండి.

వానల_ఊరు

హెచ్-4 వీసా మీద ఉన్న, అంటే హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాముల, ఉద్యోగ అనుమతిదీ ఇదే తీరు. చట్టం కాదు, 2015లో శాఖ చేసిన నిబంధన. అమెరికన్ ఐటీ ఉద్యోగుల బృందం ఒకటి దాని మీద పదేళ్లు కోర్టుల్లో పోరాడింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నిబంధనను నిలబెట్టింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కేసును విచారణకు తీసుకోలేదు. అయినా ఏ ప్రభుత్వమైనా నోటీసు ఇచ్చి, ప్రజాభిప్రాయం తీసుకుని, తగిన కారణాలు చూపిస్తే దాన్ని రద్దు చేయవచ్చు.

రాజమండ్రి_నాన్న

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మాయికి ఈ చర్చ పంపాను. చివరిగా ఒకటి. వాళ్లు పౌరులు కారు, ఓటు లేదు. అయినా కాంగ్రెస్ సభ్యుడికి రాస్తే చదువుతారా? ప్రతినిధికి రాయాలా, సెనేటర్‌కా?

ట్రినిటీ_తీరం

ముగ్గురికీ రాయమనండి బాబాయి గారూ, వాళ్ల జిల్లా ప్రతినిధికి, టెక్సాస్ సెనేటర్లు ఇద్దరికీ. ఓటు లేకపోయినా వాళ్లు ఆ జిల్లా నివాసులే. పద్నాలుగో సవరణ ప్రకారం ప్రతినిధుల సభ స్థానాలను రాష్ట్రాలకు పంచేటప్పుడు ఓటర్లను కాదు, ఉన్న మనుషులందరినీ లెక్కిస్తారు.

రెండు పనులు వేరువేరుగా అడగాలి. బిల్లుకు మద్దతు కోరే ఉత్తరం వాషింగ్టన్ కార్యాలయానికి. సొంత దరఖాస్తు ఎక్కడైనా అసాధారణంగా ఆలస్యమైతే, స్థానిక కార్యాలయంలో ఇలాంటి పనులు చూసే సిబ్బంది ఉంటారు. వివరాలు తెలుసుకోవడానికి అనుమతిస్తూ ఒక పత్రం మీద అల్లుడు సంతకం చేయాలి, దాని నమూనా సభ్యుడి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ప్రయారిటీ డేట్‌ను వాళ్లు ముందుకు జరపలేరు. ఎక్కడో ఆగిపోయిన ఫైలు మీద శాఖ నుంచి జవాబు రప్పించగలరు. రసీదు నంబరు తప్పకుండా రాయమనండి.